ఇసుకసముద్రంలో సంచారగృహం

ఎడారిలో కారు కేవలం వాహనం కాదు. వంటిల్లు, నీటితొట్టి, పడకకు గాలిచాటు సర్వమూ అదే. ఈ సత్యాన్ని అనుభవంతో గ్రహించినవాడు బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్. 1920ల చివరిలో, 1930ల మొదట్లో అతడు మిత్రులతో కూడి ఫోర్డు కార్లలో లిబియా ఎడారియాత్రలు సాగించినాడు.

అక్కడ ప్రాణమన్నది నీటిలో ఉన్నది. ఆ నీటికోసం మనిషి దాహానికీ ఇంజను దాహానికీ పోటీ. రేడియేటరు మరిగి ఆవిరి గాలిలో కలిసిపోతే, మరునాడు త్రాగే నీటికే ముప్పు. అందుచేత ఆ ఆవిరిని గొట్టం ద్వారా, కొంత నీరు పోసిన డబ్బాలోనికి మళ్లించినారు. అది అందులో చల్లబడి నీరయ్యేది. ఇంజను చల్లారగానే రేడియేటరు ఆ నీటిని మరల తనలోనికి పీల్చుకొనేది.

చక్రాలు దిగబడినప్పుడు వాటి ముందు ఉక్కుపట్టాలు పరచి బండిని వెలికి తీసేవారు. కారులోని ఇనుము దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది. కనుక సూర్యుని నీడతో దిక్కు తెలిపే సాధనాన్ని అమర్చుకొన్నారు. బరువెక్కినకొద్దీ చక్రం లోతుకు దిగుతుంది. కాబట్టి అవసరమైన వస్తువుకే బండిలో చోటు. రాత్రి పడక బండి చాటున, ఇసుకమీదనే.

ఈ పరికరాలే 1940లో అతడు స్థాపించిన ఎడారి గస్తీదళానికి అక్కరకు వచ్చినవి. ఇసుకపై నిద్రించిన ఆ యాత్రికుడే, గాలికి ఇసుక కదిలే తీరును శోధించి, 1941లో శాస్త్రగ్రంథం ప్రకటించినాడు. చూడనేర్చిన కంటికి విడిది సైతం విద్యాలయమే.