మహాకవి క్షేత్రయ్య (సినిమా)

మహాకవి క్షేత్రయ్య 1976లో విడుదలైన తెలుగు చలనచిత్రం. 17వ శతాబ్దానికి చెందిన పదకర్త, వాగ్గేయకారుడు క్షేత్రయ్య జీవితం దీని ఇతివృత్తం. క్షేత్రయ్యగా అక్కినేని నాగేశ్వరరావు నటించాడు. క్షేత్రయ్యను గురించి చరిత్రకు తెలిసినది బహు స్వల్పం. కనుక ఈ సినిమా చూసేవారికి ఇందులో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అనే ప్రశ్న సహజంగానే కలుగుతుంది.

నిర్మాణం

ఈ చిత్రాన్ని అంజలీదేవి, పి. ఆదినారాయణరావు దంపతులు నిర్మించారు. ఆదినారాయణరావే సంగీతం సమకూర్చాడు. వీరు అంతకు ముందు 1973లో నాగేశ్వరరావు కథానాయకుడిగా భక్త తుకారాం నిర్మించారు. మహాకవి క్షేత్రయ్యకు మొదట దర్శకత్వం వహించిన ఆదుర్తి సుబ్బారావు 1975లో మరణించగా, మిగిలిన భాగాన్ని సి.ఎస్.రావు పూర్తి చేశాడు.

నాగేశ్వరరావు స్వస్థలం గుడివాడ సమీపంలోని రామాపురం. ఆయనకు ఎన్నో చిత్రాలలో పాడిన ఘంటసాల వెంకటేశ్వరరావు జన్మస్థలం చౌటపల్లి కూడా ఆ ప్రాంతంలోనిదే. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మరణించాడు. అందువల్ల ఈ చిత్రంలో కృష్ణా డెల్టా పదకర్త పాత్రను ఆ డెల్టాకే చెందిన నటుడు పోషించినా, ఘంటసాల గానం వినే అవకాశం ప్రేక్షకులకు లేకపోయింది. ఇందులో వి. రామకృష్ణ, పి. సుశీల పాడిన యుగళగీతం ప్రజాదరణ పొందింది.

క్షేత్రయ్య గురించి ప్రచారంలో ఉన్న కథ

విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే రహదారిలో పామర్రు దగ్గర దారి మళ్ళితే కూచిపూడి, దానికి చేరువలో మొవ్వ గ్రామం వస్తాయి. మొవ్వలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. క్షేత్రయ్య ఈ గ్రామానికి చెందినవాడని, అతని అసలు పేరు వరదయ్య అని సంప్రదాయం చెబుతుంది. అతడు మోహనాంగి అనే దేవదాసిని ప్రేమించాడనీ, ఒక యోగి ఉపదేశంతో గోపాలుని భక్తుడై పదాలు అల్లాడనీ, అనేక క్షేత్రాలు దర్శించడం వల్ల క్షేత్రయ్య అనే పేరు వచ్చిందనీ కథ. అతని పదాలలో ఎక్కువగా కనిపించే ముద్ర "మువ్వగోపాల".

ఈ కథకు సమకాలిక ఆధారాలు దొరకలేదు. పదాలు దక్షిణాది నాయక రాజుల ఆస్థానాల వాతావరణాన్ని చూపుతున్నందున, అతడు ఆ ప్రాంతం వాడే కావచ్చునని భావించిన పరిశోధకులూ ఉన్నారు.

ఆధారం ఒక పదమే

క్షేత్రయ్య కాలాన్ని నిర్ణయించడానికి ప్రధాన ఆధారం అతనిదిగా చెప్పే ఒక పదం. అందులో మధుర తిరుమల నాయకుని వద్ద 2,000, తంజావూరు విజయరాఘవ నాయకుని వద్ద 1,000, గోల్కొండ పాదుషా వద్ద నలభై దినాలలో 1,500 పదాలు చెప్పినట్లు లెక్క ఉంది. మొత్తం 4,500. నేడు లభిస్తున్నవి కొన్ని వందలు మాత్రమే.

ఇతర వాగ్గేయకారులతో పోలిస్తే తేడా స్పష్టమౌతుంది. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న తాత జీవితాన్ని ద్విపద కావ్యంగా రచించాడు. సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద నిలిచాయి. త్యాగరాజు జీవిత విశేషాలను శిష్యులు వ్రాసి ఉంచారు. చిత్తూరు నాగయ్య త్యాగయ్య (1946)కు గానీ, కె.రాఘవేంద్రరావు అన్నమయ్య (1997)కు గానీ అటువంటి ఆధారం కొంతైనా ఉంది. క్షేత్రయ్యకు కావ్యమూ లేదు, రాగిరేకూ లేదు. కాబట్టి అతని జీవితాన్ని తెరకెక్కించేవారు ఐతిహ్యాన్ని ఆశ్రయించక తప్పదు.

ఆధారాలు పుష్కలంగా ఉన్నంత మాత్రాన సినిమా చరిత్రను అనుసరిస్తుందని చెప్పలేము. ప్రఖ్యాత రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీపై 2018లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీలో, 1985 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే అతడు తనకు ఎయిడ్స్ ఉన్న సంగతి సహచరులకు చెప్పినట్లు చూపారు. వ్యాధి నిర్ధారణ 1987లో జరిగిందని సాధారణంగా చెబుతారు. పతాక సన్నివేశానికి బలం చేకూర్చడానికి కాలక్రమాన్ని మార్చడం జీవిత చిత్రాలలో పరిపాటి.

పదం, సినిమా పాట

క్షేత్రయ్య పదాలలో చాలా వరకు నాయిక మాటలే. సఖితో మొరపెట్టుకొనేది, నాయకుణ్ణి నిలదీసేది, అలిగి తలుపు మూసేది ఆమెయే. పదాన్ని విళంబకాలంలో పాడతారు. ఒకే పంక్తిని మళ్ళీ మళ్ళీ పాడుతూ ఉంటే నర్తకి ప్రతిసారీ వేరొక భావం అభినయిస్తుంది. నాలుగు నిమిషాల సినిమా పాటలో ఇంత తీరిక ఉండదు. క్షేత్రయ్య కళలో ముఖ్యమైన అంశాన్ని తెరమీద చూపడం ఇందువల్లనే కష్టం.

ఈ పదాలను శతాబ్దాల పాటు కాపాడినవారు తెలుగునాట కలావంతులు, కూచిపూడి భాగవతులు, తమిళనాట దేవదాసీ కుటుంబాల గాయనులు. వీణ ధనమ్మాళ్ మనుమరాళ్ళైన టి.బృంద, టి.ముక్త పదగానానికి, మరొక మనుమరాలు బాలసరస్వతి పదాభినయానికి ప్రసిద్ధులు. వీరి మాతృభాష తమిళమైనా పదాలను తెలుగులోనే పాడారు. సినిమాలోని కథ నిజమైనా కాకపోయినా ఈ పరంపర మాత్రం నిజం. క్షేత్రయ్య జీవితం కన్న అతని పదాలను గురించే మనకు ఎక్కువ తెలియడానికి కారణం కూడా ఇదే.