కాపరి కలం కూడా రోగి మంచం దగ్గరికి వస్తుంది



మన చిత్తూరు ప్రాంతంలో ఎవరి మాటమీదనైనా అనుమానం వస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడగడం అందరికీ తెలిసినదే. అప్పు తగాదా కానివ్వండి, దొంగతనం నింద కానివ్వండి, ఆ మాట వచ్చేసరికి అబద్ధమాడేవాడు వెనకడుగు వేస్తాడని పెద్దలు చెబుతారు. ప్రమాణం అక్కరలేకుండానే మన మాట నమ్మదగినదిగా ఉండాలని ప్రభువు మనకు నేర్పించారు. నోటి మాటకే ఇంత బరువు ఉంటే, కాగితం మీద పెట్టిన మాటకు ఎంత బరువు ఉండాలి? అందులోనూ ఆ మాట రాసినది సంఘకాపరి, చదివేది జబ్బుతో పడుకున్న మనిషి అయితే?

"పాస్టరు గారు ప్రసంగం చేయాలి, ఇండ్లు దర్శించాలి, ప్రార్థన చేయాలి. ఈ రాతలెందుకు?" అని కొందరు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. రాయడం కూడా పరిచర్యలో భాగమే. అది కాగితం మీద చేసే దర్శనం. అందుచేత రోగిని దర్శించేటప్పుడు ఏ నియమాలు పాటిస్తామో, రాసేటప్పుడు కూడా అవే నియమాలు పాటించాలి.

రాత పరిచర్య కొత్తది కాదు

అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాశారు. ఆ సంఘం పంపిన ఎపఫ్రొదితు అనే సహోదరుడు పౌలు దగ్గర ఉండగా చావు దగ్గరకు వెళ్లేంతగా జబ్బుపడ్డాడు. ఆ సంగతి ఊరికి తెలిసింది. తన జబ్బు గురించి ఇంటివారు దిగులుపడుతున్నారని తెలిసి ఆ రోగి ఇంకా దిగులుపడ్డాడు. దేవుని దయవలన అతడు కోలుకున్నాడని, అతన్ని సంతోషంగా చేర్చుకోమని పౌలు అదే ఉత్తరంలో రాశారు. మన ఆసుపత్రులలో ఈనాటికీ జరిగేది ఇదే కదా! లోపల రోగి, బయట దిగులుపడే ఇంటివారు, ఇద్దరి మధ్య ఒక నమ్మకమైన కబురు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే అన్నది మరచిపోవద్దు.

తెగులు వేళ లూథర్ రాసిన ఉత్తరం

లూథరన్ కాపరులకు ఈ విషయంలో మంచి మాదిరి మార్టిన్ లూథర్ గారే. 1519లో ఆయన పాలకుడైన ఫ్రెడరిక్ జబ్బుపడినప్పుడు, ఆయనను ఆదరించడానికి లూథర్ 14 ఆదరణ ధ్యానాలు రాసి పంపారు. అంతకంటె మనకు దగ్గరైనది 1527 నాటి సంగతి.

ఆ సంవత్సరం ఆగస్టులో విట్టెన్‌బర్గ్ పట్టణంలో ప్లేగు వ్యాపించింది. విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలించారు. లూథర్‌ను కూడా వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. భార్య కాథరీనా గర్భవతి. ఇంట్లోనే రోగులను పెట్టుకొని చూసుకున్నారు. ఆ రోజులలోనే బ్రెస్లావు పట్టణపు కాపరి యోహాన్ హెస్, "తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చునా?" అని అడిగారు. దానికి జవాబుగా లూథర్ రాసిన ఉత్తరం అదే సంవత్సరం అచ్చయి, అడిగిన ఒక్కరికే కాక అనేకులకు చేరింది.

ఆ ఉత్తరంలోని సారాంశం ఇది. కాపరులు, అధికారులు, వైద్యులు, రోగి బాధ్యత మీద ఉన్నవారు తమ స్థానం విడిచి పోకూడదు. రోగిని చూసేందుకు వేరేవారు ఉంటే, మిగిలినవారు వెళ్లిపోవడం పాపం కాదు. దేవుడే కాపాడుతాడని మందు మానేసేవాడు దేవుని నమ్మినట్టు కాదు, దేవుని పరీక్షించినట్టు. మందు వాడాలి, ఇల్లూ వీధీ పొగవేసి శుభ్రపరచుకోవాలి, తన అవసరం లేని చోటికి వెళ్లి జబ్బు అంటించుకోకూడదు, ఇతరులకు అంటించకూడదు. అయితే పొరుగువానికి తన అవసరం ఉంటే మాత్రం ధైర్యంగా వెళ్లాలి.

ఇందులో విశ్వాసము, వైద్యము ఒకదానికొకటి అడ్డు రాలేదు చూడండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లోకమంతటా అనేక సంఘాలు ఈ పాత ఉత్తరాన్ని మళ్లీ తీసి చదువుకున్నాయి. ప్లేగు రోగిని చూస్తూ, ఆ పట్టణంలోనే ఉండి రాశారు గనుక ఆ మాటకు బలం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో పుట్టిన వారి పాప ఎలిజబెత్ ఎనిమిది నెలలకే చనిపోయింది. విశ్వాసికి కష్టం రాదని లూథర్ ఎక్కడా వాగ్దానం చేయలేదు. కష్టంలో దేవుడు విడిచిపెట్టడని మాత్రమే చెప్పారు.

తెలుగు నేలమీద

తెలుగులో కూడా లూథరన్ కాపరుల కలం చాలాకాలంగా పనిచేస్తున్నది. జర్మనీ నుండి 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు, తరువాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. బైబిలును తెలుగులోకి అనువదించారు గాని అది అచ్చుకాకుండా రాతప్రతిగానే మిగిలిపోయింది. స్వదేశానికి తిరిగి వెళ్లాక హాలె పట్టణంలో, ప్రశ్నోత్తరాలుగా క్రైస్తవ బోధ చెప్పే చిన్న పుస్తకాన్ని 1746లో తెలుగులో అచ్చువేయించారు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలలో ఇది ఒకటి.

1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ గారు ఇంకొక పాఠం నేర్పారు. కాపరిగా వచ్చిన ఆయన, కొన్నేండ్లకు అమెరికా వెళ్లినప్పుడు యాభై దాటిన వయసులో వైద్యం చదివి, 1847లో డాక్టరు పట్టా తీసుకొని మళ్లీ మన దేశానికి వచ్చారు. బోధ ఒక్కటే చాలదని, రోగం గురించి తెలిసి మాట్లాడాలని ఆయనకు అనిపించి ఉండవచ్చు. గుంటూరులోనే 1883లో పని ప్రారంభించిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. ఆ ఆసుపత్రి కథను ఆమెయే పుస్తకంగా రాసిపెట్టారు.

మన దక్షిణ ప్రాంతానికి వస్తే, హెర్మన్స్‌బర్గ్ మిషను తరఫున ఆగస్ట్ మైలియస్ గారు 1865లో సూళ్లూరుపేట వైపు పని మొదలుపెట్టారు. ఆ పని నుండి పెరిగినదే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని 1915 నుండి అనేక మిషనులు కలిసి నడిపాయి. వాక్యము, వైద్యము ఒకే గడప దాటి వచ్చిన నేల మనది.

రాత ఎక్కడ మేలు చేస్తుంది?

పాస్టరు గారు వార్డులో ఒక మంచం దగ్గర పది నిమిషాలు ఉంటారేమో. రాత్రి రెండు గంటలకు నొప్పితో నిద్రపట్టనప్పుడు ఆయన పక్కన ఉండరు. దిండు కింద పెట్టుకున్న కాగితం ఉంటుంది. రోగి విన్నది మరచిపోతాడు, చదివినది మళ్లీ చదువుకోవచ్చు. చదువురాని అవ్వకు మనవరాలు చదివి వినిపిస్తుంది. గుడికి రాలేని ముసలివారికి, బెంగుళూరుకో గల్ఫుకో పనికి వెళ్లిన బిడ్డలకు అదే మాట చేరుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మన పత్రికను క్రైస్తవులు మాత్రమే చదవరు. పక్క మంచం మీద ఉన్న కాణిపాకం అన్న, ఇరాల నుండి వచ్చిన అమ్మ కూడా చేతికి తీసుకుంటారు. వారి విశ్వాసాన్ని కించపరిచే ఒక్క మాట చాలు, కాగితం పక్కన పెట్టేస్తారు. సువార్త అంటే మంచి వార్త. తమను గౌరవించే మనిషి చెబితేనే ఎవరైనా ఆ వార్త వింటారు. జబ్బులో ఉన్నవాని బలహీనతను అదనుగా తీసుకొని ఒత్తిడి చేయడం సువార్త పని కాదు.

రాత ఎక్కడ కీడు చేస్తుంది?

మేలు చేసే కలమే కీడు కూడా చేయగలదు. ముఖ్యంగా మూడు విషయాలలో జాగ్రత్త అవసరం.

మొదటిది, మందు మాన్పించే మాట. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక అన్నకు క్షయ వచ్చింది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. అప్పుడే "ప్రార్థనతో పూర్తిగా స్వస్థత, మాత్రలు పారవేశాను" అనే సాక్ష్యం ఒకటి చదివాడు. తానూ మానేశాడు. సాధారణ క్షయకు కనీసం 6 నెలలు మందు వాడాలి. మధ్యలో మానితే క్రిములు పూర్తిగా చావక జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్షయగా మారవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. అలాగే ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ మీదనే బతికే షుగరు రోగి దాన్ని మానేస్తే కొద్ది రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ ఉన్నవారికి ఏ బాధా తెలియదు గనుక తగ్గిపోయిందనుకుంటారు. స్వస్థత సాక్ష్యం రాయవద్దని మేము చెప్పడం లేదు. పరీక్ష చేసి డాక్టరు ఏమన్నారో, మందు ఇంకా వాడుతున్నారో లేదో కూడా అందులో రాయండి. దేవుడు మందు ద్వారా బాగుచేసినా అది దేవుని మేలే.

రెండవది, రహస్యం బయటపెట్టే మాట. "ఫలానా సహోదరి కొరకు ప్రార్థించండి" అని జబ్బు పేరుతో సహా రాస్తే, ప్రేమతో రాసినా ఆమెకు నష్టం కలుగవచ్చు. కూతురు పెండ్లి సంబంధం పోవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనవచ్చు, పని పోవచ్చు. హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకుండా కాపాడేందుకు 2017లో మన దేశంలో చట్టం చేశారు. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. చట్టం సంగతి అలా ఉంచితే, రోగి కాపరితో చెప్పుకున్నది కాపరి దగ్గరే ఉండాలి. ప్రార్థనకు జబ్బు పేరు అక్కరలేదు. దేవునికి ఆ మనిషి తెలుసు.

మూడవది, నింద మోపే మాట. "నీ పాపం వల్లనే ఈ జబ్బు", "విశ్వాసం తక్కువ గనుక తగ్గలేదు" అనే రాతలు రోగిని రెండుసార్లు గాయపరుస్తాయి. పుట్టుగుడ్డివాని చూసి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, యేసు ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చి అతనికి మేలు చేశారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, క్యాన్సర్‌తో ఉన్న తండ్రికి కారణాలు రాయవద్దు. తోడుగా ఉన్నామని రాయండి.

రాసే కాపరికి నాలుగు ప్రశ్నలు

రాసినది పంపే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే మంచిది.

1. ఇది నిజమేనా? నేను చూసినదా, లేక ఎవరో పంపితే నేను ముందుకు పంపుతున్నదా?

2. ఇందులో ఎవరి పేరైనా, ఊరైనా, జబ్బైనా ఉందా? వారిని అడిగానా? ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మొహమాటంతో "సరే" అన్నారా, ఇంటికి వెళ్లి ఆలోచించి ఒప్పుకున్నారా?

3. జబ్బు, మందు గురించి రాసినది ఒక డాక్టరుకో నర్సుకో చూపించానా?

4. ఇదే మాటను ఆ రోగి మంచం పక్కన కూర్చొని, అతని ముఖం చూస్తూ చెప్పగలనా? చెప్పలేని మాట అయితే రాయకూడదు.

ప్రసంగంలో నోరుజారితే తరువాతి ఆదివారం దిద్దుకోవచ్చు. ఫోనులో పంపిన సందేశం ఎంతమంది చేతులు మారుతుందో పంపినవారికే తెలియదు. పొరపాటు జరిగితే దాచకుండా, "ఫలానా మాట తప్పు రాశాను" అని ఒప్పుకొని మళ్లీ రాయాలి. అలా ఒప్పుకుంటే కాపరికి గౌరవం తగ్గదు, ఆయన రాసే మిగతా మాటలమీద నమ్మకం పెరుగుతుంది.

చదివేవారికి ఒక మాట

ఎంత మంచి పాస్టరు గారు రాసినా, ఒక వ్యాసం చదివి మందు మార్చవద్దు, మానవద్దు. డాక్టరును అడగండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం (గళ్ల) పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితం. మీ జబ్బు గురించి ప్రార్థన కోరేటప్పుడు "నా పేరు బయటకు చెప్పవద్దు" అని చెప్పుకునే హక్కు మీకుంది. సిగ్గుపడకుండా అడగండి. ఒక మాట మీకు ఆదరణ ఇస్తే, అది రాసిన కాపరికి తెలియజేయండి. ఏ మాట అయినా బాధపెడితే, అది కూడా తెలియజేయండి. రాసేవారు నేర్చుకునేది మీ దగ్గరే.

ప్రసంగ పీఠం ఎక్కేటప్పుడు కాపరి చెప్పులు విడిచి, ప్రార్థించి ఎక్కుతారు. కలం పట్టుకునేటప్పుడు కూడా అదే భయభక్తులు ఉంటే, ఆ రాత కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పినంత నమ్మకంగా ఊరిలో నిలుస్తుంది. ఈ పత్రిక మీ చేతిలో ఉన్న ఈ రోజున, మీ మంచం దగ్గరికి మేము రాలేకపోయినా మా మాట వచ్చింది. అది మీకు మేలు చేయాలని మా ప్రార్థన.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను కాపాడి ఆరోగ్యము, సమాధానము దయచేయును గాక.