కాలంతో మారే దత్తాంశాల చలనచిత్రణ: జావాలో దోష నిర్ధారణ – కోసిగి ప్రాంత వర్షపాతం ఆధారంగా

ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వానకోసం ఎదురుచూసే నేల. వాన తప్పిన ఏట ఇక్కడి కూలీ కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని వలస పోతాయి. 2009 అక్టోబరు మొదట్లో ఇదే ప్రాంతంలోని మంత్రాలయం తుంగభద్ర వరదలో మునిగింది. ఇలాంటి మార్పులను తెరపై కదిలే పటాలుగా చూపడానికి జావా భాషలో అనేక సాధనాలున్నాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బిల్ హిబ్బార్డ్ నాయకత్వంలో రూపొందిన ‘విజ్‌యాడ్’ లైబ్రరీ వాటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి చలనచిత్రణలో తలెత్తే ప్రధాన దోషాలను, వాటి కారణాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కాలానికి సంబంధించిన దోషాలు

జావా ‘డేట్’ 1970 జనవరి 1 నుంచి గడిచిన కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది. విజ్‌యాడ్ సెకన్లలో లెక్కిస్తుంది. 2009 అక్టోబరు 2 ఉదయం 8:30 గంటలకు సెకన్ల సంఖ్య 1254452400. దీన్ని మిల్లీసెకన్లుగా భావిస్తే తెరపై 1970 జనవరి 15 కనిపిస్తుంది. మిల్లీసెకన్లను సెకన్లుగా భావిస్తే సంవత్సరం 41,700 దాటుతుంది. కాబట్టి తెరపై కనిపించే తప్పు తేదీయే దోషం ఎక్కడుందో చెబుతుంది.

ఇంత పెద్ద సంఖ్యను ‘ఫ్లోట్’ రూపంలో దాచితే పక్కపక్క విలువల మధ్య 128 సెకన్ల ఎడం ఏర్పడుతుంది. అప్పుడు నిమిషానికొక ఫ్రేము ఉన్న దత్తాంశంలో కొన్ని ఫ్రేములు ఒకే సమయానికి చేరి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కాలాన్ని ‘డబుల్’ రూపంలో ఉంచడమే దీనికి పరిష్కారం.

మూడవది గుర్తించడం కష్టం. మన దేశంలో రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30కు కొలిచి, ఆనాటి తేదీకింద నమోదు చేస్తారు. అక్టోబరు 2 నాటి లెక్కలో అక్టోబరు 1 ఉదయం 8:30 నుంచి కురిసిన వాన ఉంటుంది. ప్రోగ్రాము దాన్ని అక్టోబరు 2 అర్ధరాత్రి నుంచి మొదలైనట్లు చూపితే వాన పదిహేనున్నర గంటలు ఆలస్యమవుతుంది. వాన పడకముందే నది పొంగినట్లు చూపరికి తోచవచ్చు. కొలత వ్యవధి ఆద్యంతాలను, ‘ఆసియా/కోల్‌కతా’ కాలమండలాన్ని కోడులో స్పష్టంగా పేర్కొనాలి.

లోపించిన విలువలు, రంగులు

కొలత అందని రోజును సున్నాగా నింపడం తీవ్రమైన దోషం. పటంపై అది వాన లేని రోజుగా కనిపిస్తుంది. అటువంటి చోట ‘నాన్’ విలువ ఉంచి, దానికి వర్షపాత సూచికలో లేని బూడిదరంగు ఇవ్వాలి. నాన్ తనకు తానే సమానం కాదు కనుక దాన్ని సమానతా చిహ్నంతో కాక ‘ఈజ్‌నాన్’ పద్ధతితో పరీక్షించాలి. రంగుల కొలమానం ఫ్రేము ఫ్రేముకూ మారితే చినుకూ కుండపోతా ఒకే రంగులో కనిపిస్తాయి. అందువల్ల అన్ని ఫ్రేములకూ ఒకే గరిష్ఠ, కనిష్ఠ విలువలు స్థిరపరచాలి.

కదలిక, జ్ఞాపకశక్తి

చివరి ఫ్రేము మాత్రమే కనిపిస్తే, స్వింగ్ తెరను గీసే థ్రెడ్‌లోనే ఫ్రేములన్నిటి గణన జరుగుతోందేమో చూడాలి. ఆ పని ముగిసేదాకా తెర మారదు. దత్తాంశ పఠనాన్ని ‘స్వింగ్‌వర్కర్’కు, ఫ్రేము మార్పును ‘టైమర్’కు అప్పగించాలి. 1000×1000 బిందువుల ఫ్రేముకు, బిందువుకు 4 బైట్ల చొప్పున, 40 లక్షల బైట్లు కావాలి. పది రోజుల గంటవారీ ఫ్రేములు 240. వాటికి 96 కోట్ల బైట్లు అవసరం. ప్రదర్శన మధ్యలో ఆగిపోతే ఫ్రేముల పరిమాణాన్నో, ఒకేసారి దాచే సంఖ్యనో తగ్గించాలి.

ముగింపు

ప్రోగ్రాము ఆగిపోయే దోషం తనంతట తాను బయటపడుతుంది. సాఫీగా కదులుతూ తప్పు చూపే దోషం బయటపడదు. కనుక ముందుగా ఒకే కేంద్రాన్ని, ఒకే రోజును ఎంచుకొని, మూల పట్టికలోని అంకెను తెరపై విలువతో పోల్చాలి. కాలం, లోపించిన విలువలు, రంగులు సరిచూశాకే వేగం గురించి ఆలోచించాలి. కోసిగి వంటి మండలంలో ఖాళీ గడికీ ఎండిన రోజుకూ ఉన్న తేడా కరవు అంచనానే మార్చగలదు.