గొట్టం పరీక్ష అంటే భయమా?

"ఎండోస్కోపీ చేయించాలి" అనగానే ఓ.పి.లో ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మారిపోవడం మేము తరచుగా చూస్తుంటాం. "గొట్టం వేస్తారా డాక్టరుగారూ? స్కానింగుతో సరిపోదా?" అన్నది మొదటి ప్రశ్న. "మా తోడికోడలికి చేసినప్పుడు ఊపిరాడలేదంట" అన్నది రెండోది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఇంట్లో అడిగి వస్తాం" అని వెళ్ళి మళ్ళీ కనిపించనివారూ ఉన్నారు.

ఒక పెద్దావిడకు రెండుసార్లు తేదీ ఇచ్చినా రాలేదు. ఐదు నెలల తర్వాత కూతురు వెంటబెట్టుకుని తీసుకొచ్చేసరికి కళ్ళు పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగిన బిళ్ళల వల్ల కడుపులో పుండు పడింది. అక్కడి నుండి రోజూ కొద్దికొద్దిగా రక్తం పోతోంది. పరీక్షకు పట్టింది పది నిమిషాల లోపే. "ముందే ఎందుకు రాలేదమ్మా?" అంటే "ఊపిరాడక పోతానేమోనని" అన్నారు. తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు. చీటీ రాసిచ్చాం గాని, రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఏం జరుగుతుందో చెప్పలేదు. అందుకే ఇప్పుడు వివరంగా రాస్తున్నాం.

గొట్టం అంటే చాలామంది తోటకు నీళ్ళు పెట్టే పైపును ఊహించుకుంటారు. నిజానికి దాని మందం ఒక సెంటీమీటరు లోపే, సుమారుగా మీ చిటికెన వేలంత. మెత్తగా ఉండి ఎటు కావాలంటే అటు వంగుతుంది. చివర చిన్న లైటు, కెమెరా ఉంటాయి. భయపడడానికి కారణం ఉన్న రోజులు పూర్వం ఉండేవి. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే డాక్టరు నిటారుగా ఉండే లోహపు గొట్టంతో ఈ ప్రయత్నం చేసినప్పుడు, దాన్ని మింగడానికి కత్తులు మింగే గారడీ మనిషిని పిలవవలసి వచ్చింది! వంగే గొట్టాన్ని తయారుచేసిన బేసిల్ హిర్షోవిట్జ్ 1957లో దాన్ని ముందు తన గొంతులోనే వేసుకుని చూసుకున్నారు, ఆ తర్వాతే రోగికి వేశారు.

ఇక ఊపిరి సంగతి. మన గొంతులో రెండు దారులున్నాయి. ముందువైపుది గాలి గొట్టం, వెనుకవైపుది అన్నం దిగే గొట్టం. ఎండోస్కోపీ వెళ్ళేది అన్నం దారిలో. గాలి దారి తెరిచే ఉంటుంది, పరీక్ష జరిగినంతసేపూ మీరు ఊపిరి పీలుస్తూనే ఉంటారు. గొంతులో ఏదో ఉన్నప్పుడు ఊపిరి ఆగినట్టు అనిపించడం సహజం. వేలికి తగిలించే చిన్న క్లిప్పు మీ ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో చూపిస్తూనే ఉంటుంది.

ముందురోజు, ఆ ఉదయం

పరీక్షకు ముందు కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. ఉదయం పరీక్ష అయితే రాత్రి పెందలాడే తేలికగా భోంచేసి పడుకుంటే చాలు. మంచినీళ్ళు సాధారణంగా రెండు గంటల ముందు వరకు కొద్దిగా తాగవచ్చు, మీ చీటీలో వేరుగా రాసి ఉంటే అలాగే చేయండి. ఉపవాస కూటాలకు అలవాటైనవారికి ఇది కష్టం కాదు, కాని ఒక్క టీ దగ్గర మాత్రం అందరూ జారిపోతారు. పాలు కలిసిన టీ ఆహారం కిందే లెక్క. "రెండు ఇడ్లీలే కదా" అని తినేసి చెప్పకుండా బల్లెక్కినవారూ ఉన్నారు. కడుపులో ఆహారం ఉంటే పుండు కనిపించదు. అంతకన్నా ముఖ్యంగా, వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తినేసి వస్తే దయచేసి చెప్పండి. మేము కోప్పడం, తేదీ మారుస్తాం.

షుగరు ఉన్నవారు పరగడుపున మందు బిళ్ళ గాని ఇన్సులిన్ గాని ఎప్పటిలా వేసుకుంటే షుగరు పడిపోతుంది. ముందురోజే అడిగి తెలుసుకోండి, ఉదయం మొదటి వరుసలో పేరు రాయించుకోండి. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి చెప్పాలి, అంతేగాని సొంతంగా మానేయకూడదు. గ్యాస్ బిళ్ళలు వాడుతున్నా, బరువు తగ్గడానికో షుగరుకో వారానికోసారి ఇంజక్షన్ వేసుకుంటున్నా చెప్పండి. కట్టుడు పళ్ళుంటే తీసి ఇంటివారి చేతికివ్వండి.

గదిలో

గొంతులో మందు స్ప్రే చేస్తారు. చేదుగా ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో నాలుక, గొంతు మొద్దుబారి, మింగలేనేమో అనిపిస్తుంది. అది మందు పనిచేస్తున్న గుర్తు. ఎడమవైపుకు తిరిగి పడుకోమంటారు. గొట్టాన్ని కొరకకుండా పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. గొట్టం నాలుక వెనక్కి వచ్చినప్పుడు "ఒక్క గుటక మింగండి" అంటారు. "ఏమీ ఉండదమ్మా" అని మేమెప్పుడూ చెప్పకూడదు, ఎందుకంటే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లలో డోకు వస్తుంది, కళ్ళవెంట నీళ్ళు కారతాయి. గొంతు దాటాక అది చాలావరకు తగ్గుతుంది. అది నొప్పి కాదు గాని ఇబ్బందే.

అప్పుడు మీరు చేయవలసింది ఒక్కటే, ఊపిరి మీద ధ్యాస పెట్టడం. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, నిదానంగా వదలండి. కళ్ళు మూసుకోకుండా గోడ మీద ఏదో ఒకచోట చూపు నిలపండి. ఉమ్మిని మింగాలని చూడకండి, పక్కన తువ్వాలు మీద కారనివ్వండి. భుజాలు వదులుగా ఉంచండి, గొట్టాన్ని చేత్తో లాగకండి. భరించలేకపోతే చెయ్యెత్తుతానని ముందే నర్సుతో మాట్లాడుకోండి. ఆపవచ్చు అన్న ధైర్యం ఉంటే చాలామంది ఆపమని అడగరు. లోపలికి గాలి ఊదుతారు కాబట్టి కడుపు ఉబ్బుతుంది, త్రేన్పులు వస్తాయి. సిగ్గుపడనక్కరలేదు, ఆ గదిలో అందరూ త్రేన్చినవారే.

బాగా భయపడేవారు మత్తు ఇంజక్షన్ అడగవచ్చు, అది పిరికితనం కాదు. అయితే తోడు మనిషి తప్పనిసరి. 24 గంటలు బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. స్ప్రేతోనే చేయించుకున్నవారు కాసేపాగి నడిచి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఒక్కోసారి చిన్న ముక్క తీస్తారు. అది నొప్పి పుట్టదు. "ముక్క తీశారంటే క్యాన్సరే" అని బయట వరండాలోనే ఏడుపులు మొదలవుతాయి, అలా కానక్కరలేదు. చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఉందేమో చూడడానికే తీస్తారు. కడుపులో పుండ్లకు కారం, కోపం కారణమని అందరూ అనుకునే కాలంలో ఈ సూక్ష్మజీవిని కనిపెట్టినందుకు మార్షల్, వారెన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి మందులున్నాయి, పూర్తి కోర్సు వాడితే చాలామందిలో నయమవుతుంది.

తర్వాత

మొద్దు వదిలేదాకా, అంటే అరగంట నుండి గంట వరకు, ఏమీ తాగకండి. ముందు ఒక గుక్క నీళ్ళు తాగి, పొలమారకపోతే తర్వాత మెత్తని ఆహారం తీసుకోండి. ఒకరోజు గొంతు గీరుకున్నట్టు ఉండవచ్చు. ప్రమాదాలు చాలా అరుదు. అయినా కడుపులో గాని ఛాతీలో గాని తీవ్రమైన నొప్పి, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, జ్వరం, ఆయాసం ఉంటే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి రండి.

మత్తులో ఉన్నప్పుడు డాక్టరు చెప్పింది గుర్తుండదు కాబట్టి తోడు వచ్చినవారిని కూడా వినమనండి. ఫోటోలున్న రిపోర్టు జాగ్రత్త చేయండి, మళ్ళీ చూసేటప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. కడుపులో పుండు మానిందో లేదో తెలుసుకోవడానికి కొందరికి రెండు నెలల్లో మళ్ళీ చేయవలసి వస్తుంది. మేము చెప్పిన పెద్దావిడకూ అలాగే రాశాం. ఈసారి కూతురు లేకుండా బస్సెక్కి వచ్చారు, పళ్ళ సెట్టు రుమాల్లో కట్టుకుని. పక్కన వణుకుతూ కూర్చున్న కుర్రాడితో "స్ప్రే ఒక్కటే చేదురా అబ్బాయ్" అంటున్నారు.