అప్ అండ్ డౌన్: ఏది పైన, ఏది కింద?

కాలేజీలో కొత్తగా పరిచయమైనవాళ్ళు పేరు, బ్రాంచి అడిగాక అడిగే ప్రశ్న ఒకటుంది: "హాస్టలా, బయట రూమా?" ఉయ్యూరు, కంకిపాడు, పామర్రు వైపు నుంచి వచ్చేవాళ్ళ జవాబు దాదాపు ఒకటే: "రెండూ కాదు మావా, అప్ అండ్ డౌన్." ఆ మూడు ముక్కల్లో తెల్లవారుజామున లేవడం, బందరు రోడ్డు బస్సులో నిలబడటం, సాయంత్రం ల్యాబ్ ఆలస్యమైతే కంగారు పడటం అన్నీ వచ్చేస్తాయి. ఇంకో వివరణ అక్కర్లేదు.

ఇదే మాటని ఇంటర్వ్యూలో "ఐ యామ్ డూయింగ్ అప్ అండ్ డౌన్ ఫ్రమ్ ఉయ్యూరు" అన్నామనుకోండి. అవతల ఉన్నది మన దేశం మనిషైతే అర్థం చేసుకుంటారు. వీడియో కాల్‌లో అమెరికా మేనేజర్ ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆగుతాడు. ఎందుకంటే ఆ మాట ఇంగ్లీషే గానీ, ఆ అర్థం వాళ్ళ ఇంగ్లీషులో లేదు. మరి వాళ్ళకున్న అర్థాలేంటి, మనకి ఈ అర్థం ఎక్కడ నుంచి వచ్చి ఉంటుంది అన్నది చూద్దాం.

వాళ్ళ అప్ అండ్ డౌన్

మొదటిది అందరికీ తెలిసిందే: పైకీ కిందకీ. లిఫ్టు, ఉయ్యాల, పిస్టన్.

రెండోది, ఒకే చోట అటూ ఇటూ తిరగడం. ఆపరేషన్ థియేటర్ బయట వరండాలో ఒకాయన "వాకింగ్ అప్ అండ్ డౌన్" అంటే మెట్లెక్కి దిగుతున్నాడని కాదు, పచార్లు చేస్తున్నాడని. నేల చదునుగానే ఉంటుంది, అయినా అప్పూ డౌనూ వచ్చాయి.

మూడోది, ఒక మనిషిని తల నుంచి కాలి దాకా చూడటం. దీనికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది: ఎగాదిగా చూడటం. ఎగువా దిగువా అందులోనే ఉన్నాయి. ఇది ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు, రెండు భాషలూ కంటి కదలికని ఒకేలా పట్టుకున్నాయి, అంతే.

నాలుగోది, బహువచనంలో వాడేది: అప్స్ అండ్ డౌన్స్. దీనికి తెలుగులో ఒడిదుడుకులు అంటాం, ఆటుపోట్లు అంటాం. రెండోది సముద్రం ఇచ్చిన మాట. పోటు అంటే కెరటం పొంగి ఒడ్డుకి రావడం, ఆటు అంటే వెనక్కి తగ్గడం. బందరు తీరంలో పడవ దింపేవాళ్ళకి అది అలంకారం కాదు, రోజువారీ టైమ్‌టేబుల్.

ఆ అమెరికా మేనేజర్ ఆగిపోయేది ఇందుకే. ఉయ్యూరు నుంచి పచార్లు చేయడమేంటి అనుకుంటాడు, లేదా మనసు గానీ ఆరోగ్యం గానీ కుదురుగా లేదేమో అనుకుంటాడు.

రైలు లేని ఊళ్ళో రైలు మాట

మన అర్థానికి దగ్గరగా కనిపించేది రైల్వే వాడుక. బ్రిటన్‌లో రైళ్ళు మొదలైన కాలం నుంచీ లండన్ వైపు వెళ్ళే లైను అప్, లండన్ నుంచి బయటకి వెళ్ళేది డౌన్. ఎత్తుపల్లాలతో సంబంధం లేదు. స్కాట్లాండ్ కొండల మీద నుంచి కిందకి దిగుతున్న రైలు కూడా లండన్ వైపు వెళ్తుంటే అప్ రైలే. రాజధాని ఎటుంటే అటే పైన!

యూనివర్సిటీల్లోనూ ఇదే లెక్క. ఆక్స్‌ఫర్డ్‌లో చేరడం అంటే "గోయింగ్ అప్", చదువు ముగించుకుని వెళ్ళిపోవడం "గోయింగ్ డౌన్", కాలేజీ వాళ్ళు బయటికి పంపేస్తే "సెంట్ డౌన్". ఆ లెక్కన మన డే స్కాలర్ ప్రతి ఉదయం కాలేజీలో చేరి, ప్రతి సాయంత్రం చదువు ముగించుకుంటున్నట్టే.

రైలుతో పాటు అప్ లైన్, డౌన్ లైన్ అన్న పేర్లూ మన దేశానికి వచ్చాయి, ఇప్పటికీ ఉన్నాయి. రోజూ అప్‌లో వెళ్ళి డౌన్‌లో వచ్చేవాళ్ళ ప్రయాణానికి "అప్ అండ్ డౌన్" అని పేరు పడటంలో వింతేమీ లేదు. గుజరాతీలోనూ రోజూ వెళ్ళిరావడాన్ని "అప్‌డౌన్" అనే అంటారు. తమాషా ఏంటంటే ఉయ్యూరుకి రైలే లేదు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే రైలు గుడివాడ మీదుగా చుట్టి వెళ్తుంది. రైలు రాని ఊరికి రైలు మాట ఆర్టీసీ బస్సెక్కి వచ్చిందన్నమాట.

కాలువ చెప్పే లెక్క

సరే, ఉయ్యూరు నుంచి విజయవాడ వెళ్ళడం అప్పా, డౌనా? పెద్ద ఊరు పైన అనుకుంటే విజయవాడ అప్. మ్యాప్‌లో ఉత్తరం పైన కాబట్టి, ఉయ్యూరుకి వాయవ్యంగా ఉన్న విజయవాడ మళ్ళీ అప్. ఈ రెండూ మనుషులు పెట్టుకున్న లెక్కలు. మూడోది నీళ్ళు పెట్టిన లెక్క.

1855లో కట్టిన ఆనకట్ట, దాని తర్వాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, రెండూ విజయవాడ దగ్గరే. అక్కడి నుంచి కాలువలు సముద్రం వైపు పల్లానికి దిగుతాయి. కాబట్టి ఉయ్యూరు నిజంగానే దిగువ. ఇక్కడ ఎగువ, దిగువ అనేవి గొప్పా తక్కువా చెప్పే మాటలు కావు. కాలువకి నీళ్ళు వదిలారంటే ముందు ఎగువ పొలాలు తడవాలి, శివారు రైతు తన వంతు కోసం కాచుక్కూచోవాలి. వరదొస్తే అదే మాట హెచ్చరిక అవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, టీవీలో "దిగువకు విడుదల" అన్న రెండు మాటలు వినగానే నదికి దగ్గరున్న ఊళ్ళవాళ్ళు సామాన్లు సర్దుకున్నారు.

మన సబ్జెక్టులోనూ ఇదే కనిపిస్తుంది. ఫోన్ నుంచి సర్వర్‌కి పంపితే అప్‌లోడ్, సర్వర్ నుంచి తెచ్చుకుంటే డౌన్‌లోడ్. సర్వర్ నేలమాళిగలో ఉన్నా సరే, అదే పైన. శాటిలైట్‌కి పంపే అప్‌లింక్ మాత్రం నిజంగానే పైకి వెళ్తుంది. మిగతా చోట్ల లండన్ స్థానంలో సర్వర్ వచ్చింది, అంతే తేడా.

మన మాట: రానూపోనూ

ఇప్పుడు తెలుగు ఏం చేసిందో చూడండి. ఆటో అతను "అప్ అండ్ డౌన్ ఛార్జీ ఇస్తేనే వస్తానండీ" అంటాడు. ఇదే మాటని మన తాతలు "రానూపోనూ ఛార్జీ" అన్నారు. రాకపోకలు, వచ్చిపోవడం, వెళ్ళిరావడం: వీటిలో ఏ మాటలోనూ పైనా లేదు, కిందా లేదు. ఉన్నవల్లా వెళ్ళడం, రావడం.

ఇంకా గట్టి సాక్ష్యం మన గడప దగ్గరే ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "వెళ్తున్నా" అని ఊరుకుంటే అమ్మ వెంటనే "వెళ్ళొస్తా అనరా" అని సరిదిద్దుతుంది. వెళ్ళడంలోనే తిరిగి రావడాన్ని కలిపి చెప్పాలి మరి. మనం "అప్ అండ్ డౌన్" అన్నప్పుడు నోట్లో ఉన్నవి ఇంగ్లీషు మాటలు, అందులో ఉన్న అర్థం ఈ వెళ్ళిరావడమే. పొద్దున ఎంత దూరం పోయినా రాత్రికి ఇంటికొచ్చి అన్నం తింటానని చెప్పడం. ఇంగ్లీషువాడి లెక్కలో ఇల్లు డౌన్. మన లెక్కలో ఇల్లు పైనా కాదు, కిందా కాదు, తిరిగొచ్చే చోటు.

మరి ఎక్కడ ఎలా వాడాలి?

ఇంటర్వ్యూలోనో, బయటి దేశం వాళ్ళకి రాసే మెయిల్‌లోనో అయితే "ఐ కమ్యూట్ ఫ్రమ్ ఉయ్యూరు ఎవ్రీ డే" అనండి. ఎవరికైనా అర్థమవుతుంది. ఆ "కమ్యూట్" కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికాలో రోజూ రైలెక్కేవాళ్ళకి రోజువారీ ఛార్జీలన్నీ కలిపి, తగ్గించి ఇచ్చిన "కమ్యుటేషన్ టిక్కెట్" నుంచి పుట్టింది. అంటే వాళ్ళ మాటకి మూలం సీజన్ పాస్! మన జేబులో ఉన్న ఆర్టీసీ పాస్‌కి దూరపు చుట్టం.

తెలుగులో రాసేటప్పుడు "రోజూ ఉయ్యూరు నుంచి వెళ్ళొస్తున్నాను" అంటే చాలు. ఖర్చో దూరమో చెప్పాలంటే "రానూపోనూ సుమారు 60 కిలోమీటర్లు" అనండి.

ఇక స్నేహితుల మధ్య? "అప్ అండ్ డౌన్" అనే అనండి. ఎవరైనా "అది ఇంగ్లీషే కాదు" అని నవ్వితే నవ్వనివ్వండి. రోజుకి రెండు బస్సులు మారే లక్షలమంది నోట నలిగి, తన అర్థం తాను తెచ్చుకున్న మాట అది. అవతలివాళ్ళకి అర్థం కాని చోట వాడితేనే ఇబ్బంది. ఏ చోట ఏ మాట వాడాలో తెలిస్తే చాలు, సిగ్గు పడాల్సిన పని లేదు.