చీజు విరగని మాకరోనీ

నిరుడు నవంబరులో ఊళ్ళో గేదెను పితుకుతుండగా అమెరికా నుంచి అక్క ఫోను. తెల్లవారితే వాళ్ళకు థాంక్స్‌గివింగ్ పండుగ. నల్లజాతి స్నేహితురాలి ఇంట విందు. గొప్పకు పోయి, మాకరోనీ అండ్ చీజ్ తనే తెస్తానందట. వాళ్ళ పండుగ భోజనంలో దానిదే పెద్దపీట! తీరా చేస్తే విరిగి, నూనె పైకి తేలింది. ఇక చీజు ఒక్క వాయికే ఉంది.

"పరమాన్నంలో బెల్లం దించాకే కదే వేస్తాం!" అంది అమ్మ.

అమ్మ కెమిస్ట్రీ చదవలేదు. చీజంటే కేసిన్ అనే ప్రోటీను వలలో చిక్కిన కొవ్వు, నీరు. వేడి మించితే వల బిగిసి కొవ్వును పిండేస్తుంది. పరమాన్నంలో పాలను విరిచేది బెల్లంలోని పులుపు. కారణం వేరైనా, దించి వేయడం రెండింటికీ మంచిదే.

రెండు పెద్ద చెంచాల వెన్నలో అంతే మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అరలీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కబరచాలి. ఉబ్బిన పిండి ప్రోటీన్లను ముద్దకట్టనివ్వదు. దించాక 200 గ్రాముల చెడ్డార్ తురుము గుప్పెడు గుప్పెడుగా కలపాలి. 225 గ్రాముల మాకరోనీ పలుకుగా ఉడికించి వేసి, 180 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు. జారుగా ఉందని భయపడొద్దు, మాకరోనీ పీల్చుకుంటుంది.

1802లో జెఫర్సన్ విందులో మాకరోనీ వడ్డించారు. అతని బానిస జేమ్స్ హెమింగ్స్ అంతకుముందే పారిస్‌లో వంట నేర్చి వచ్చాడు. పేరు మాత్రం చాలాకాలం దొరదే!

అక్క గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. పైపొర కాస్త మాడిందట.