మీకు తెలుసా? స్వామికి సమర్పించిన సొమ్ము చెరువుగా మారేది

స్వర్ణముఖి నది వానాకాలంలో తప్ప నిండుగా పారదు. తిరుపతి చుట్టుపక్కల వాన నీరు గుట్టల మీంచి జారి గంటల్లో వెళ్లిపోతుంది. కట్ట వేసి ఆపుకున్న ఊరిదే పంట. చెరువు తవ్వించాలంటే మాత్రం పెద్ద మొత్తం ఒకేసారి చేతిలో ఉండాలి. రైతు దగ్గర అంత ఎక్కడిది?

విజయనగర కాలంలో ఆ మొత్తం తిరుమల ఆలయం దగ్గర ఉండేది. భక్తుడు తన పేర స్వామికి నైవేద్యం జరిపించమని సొమ్ము సమర్పించేవాడు. ఆలయ వ్యవహారాలు చూసే స్థానత్తార్లు దాన్ని ఊరికే దాచిపెట్టలేదు. ఆలయానికి చెందిన ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించారు. కొత్తగా తడిసిన మడిలో అదనంగా పండిన ధాన్యంతోనే ఆ భక్తుడి పేర అప్పాలు, అతిరసాలు స్వామికి ఆరగింపు అయ్యేవి. అసలు సొమ్ము నేలలో, నీళ్లలో నిలిచిపోయేది. పూజ మాత్రం ఏటేటా సాగేది. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేది. ఈ లెక్కలన్నీ ఆలయ గోడల మీద, ఎక్కువగా తమిళంలో, చెక్కి ఉన్నాయి. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడి కాలం నుంచి ఇలాంటి ఏర్పాట్లు బాగా పెరిగాయి.

కొండ కింది పల్లెల్లో చెరువును కాపాడినవారికి దశబంధం ఇనాములూ ఉండేవి: కట్ట మరమ్మతు చేసినంతకాలం మాన్యం వారిది. ఇప్పుడు ఆ చెరువుల్లో పూడిక పేరుకుంటుంటే, ఆక్రమణలు పెరుగుతుంటే చూస్తూ ఊరుకోలేం.